ఉందండి, లేదండి

రావులపాలెంలో మా ఆవిడకి మ్యాచింగ్ సెంటరు ఉంది. జాకెట్టు గుడ్డలు, లైనింగులు, ఫాల్సులు, దారపు రీళ్లు అమ్ముతుంది. నేను పాలిటెక్నిక్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాను. కాలేజీలో నన్ను సార్ అంటారు. ఆ వీధిలో మాత్రం నేను మ్యాచింగ్ సెంటరావిడ గారి ఆయన్ని. అరటి మార్కెట్టుకి గెలలు తెచ్చే రైతుల ఇళ్లలో ఆడవాళ్లు, పెళ్లిళ్ల సీజన్లో లంక గ్రామాల వాళ్లు, చీర సంచిలో పెట్టుకుని తిన్నగా ఆవిడ దగ్గరికే వస్తారు. ఆవిడ చీర అంచు వేళ్లతో ఒకసారి తడిమి, తల ఎత్తకుండానే చెప్పేసేది. "ఉందండి." కాకపోతే, "లేదండి, బుధవారం రండి, తెప్పిస్తాను."

వ్యాపారమంతా ఆ రెండు మాటల మీదే నడిచేది. గుడ్డ కొలిచి కోయడానికి ఒకమ్మాయి ఉంది, ఆ పని ఎవరైనా చేస్తారు. ఏ బీరువాలో ఏ వరసలో ఏ గుడ్డ తాను ఎంత మిగిలిందో కళ్లతో చూడకుండా చెప్పాలంటే ఆవిడే ఉండాలి. రోడ్డవతల మందుల కొట్టుదాకా వినబడేది ఆ మాట. కాస్త నెమ్మదిగా మాట్లాడవే, ఇది చేపల బజారా అని నేనే ఎన్నోసార్లు విసుక్కున్నాను. "నెమ్మదిగా మాట్లాడితే మీ కాలేజీలో పాఠంలా ఉంటుందండి, అందరూ నిద్రపోతారు" అనేది.

నాకున్న పిచ్చి వేరు. అరచేతిలో పట్టేటంత కంప్యూటరు బోర్డులు దొరుకుతాయి. పిల్లల ప్రాజెక్టుల కోసం తెప్పించిన వాటిలో ఒకటి నాకు అంటుకుంది. అలాంటి బోర్డు మీద పాట మోగాలంటే, కంప్యూటరుకీ శబ్దం చేసే చిప్‌కీ మధ్య ఒక ప్రోగ్రాము ఉండాలి. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు పలకాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో చిప్‌కి దాని భాషలో చెప్పే ప్రోగ్రాము. దాన్ని డ్రైవరు అంటారు. పెద్ద కంప్యూటర్లకి రాసినంత శ్రద్ధగా ఈ చిన్నవాటికి కంపెనీలు రాయవు. అందుకని ఎక్కడెక్కడో కూర్చున్న మాలాంటి పనిలేనివాళ్లం రాస్తాం, ఒకరి తప్పులు ఒకరం దిద్దుకుంటాం, అందరికీ అందేలా ఒకచోట పెడతాం. జీతం లేదు, సన్మానం లేదు. ఎదురింటాయన ఒకసారి నన్ను ఆపి, "మీరు డ్రైవర్లని రాస్తారంట కదండీ, మా బావమరిదికి హెవీ లైసెన్సు ఉంది, వాడి పేరు కూడా రాస్తారా?" అని అడిగాడు. మా ఆవిడ ఆ మాట వచ్చినవాళ్లందరికీ చెప్పి పడీ పడీ నవ్వింది.

అలా నవ్వుతూ అన్నం తింటుండగానే ఒకరోజు పొలమారింది. ఎవరో తలుచుకుంటున్నారే అని నెత్తి మీద తట్టి మంచినీళ్లు ఇచ్చాను. మర్నాడూ పొలమారింది. మళ్లీ తట్టాను. మా ఇళ్లలో పొలమారితే ఎవరో తలుచుకుంటున్నట్టే, అంతకుమించి ఎవరూ ఆలోచించరు. ఎవరు తలుచుకుంటున్నారో పందెం వేసుకునేవాళ్లం. మొగల్తూరులో ఉన్న వాళ్ల అక్కగారని తను, చీర నచ్చక తిట్టుకుంటున్న కస్టమరని నేను. ఆ తర్వాత ముద్ద దిగడం మానేసింది. అన్నం మెత్తగా పిసికి మజ్జిగలో కలిపితే తప్ప మింగలేకపోయేది. అప్పుడు రాజమండ్రి తీసుకెళ్లాను.

గడ్డ ఉంది. స్వరపేటికకి సరిగ్గా వెనక, ఆహారం దిగే దారిలో ఉంది. గొంతుకి ఏ జబ్బూ లేదు, మాట గంటలా ఉంది, కానీ గడ్డ తీయాలంటే స్వరపేటికని వదిలిపెట్టి తీయడం కుదరదన్నారు డాక్టరు గారు.

"అయితే మాటండీ?" అని అడిగింది మా ఆవిడ.

"మాట ఉండదమ్మా. మెడ దగ్గర చిన్న రంధ్రం పెడతాం, ఊపిరి అందులోంచి ఆడుతుంది. మనిషి దక్కుతుంది. ముందు అది చూద్దాం."

ఆయన మంచాయనే, మెత్తగానే చెప్పారు. అయినా నాకు ఆయన మీద ఒళ్లు మండిపోయింది. ఎవరో ఒకరి మీద మండాలి కదా.

తిరుగు ప్రయాణంలో ఆవిడ ఏడుస్తుందని నేను చూస్తూ కూర్చున్నాను. ఏడవలేదు. వంతెన దాటుతుంటే గోదారి వైపు చూస్తూ ఉండిపోయింది. రావులపాలెం దగ్గరపడ్డాక అంది, "కొట్లో ఎవరు కూర్చుంటారండీ?"

"ఎవరినైనా పెట్టుకుందాంలే."

"మరి నేనెక్కడ కూర్చుంటాను?"

పెళ్లయిన కొత్తలో ఒక కుట్టుమిషనూ, దాని పక్కన నాలుగు లైనింగు తానులూ పెట్టుకుని మొదలుపెట్టిన కొట్టు అది. ఆవిడ స్టూలు మీద కూర్చుంటే తప్ప దానికి కొట్టనే పేరు రాదు. ప్రాణం పోతుందని ఆవిడ భయపడలేదు. ఆ స్టూలు మీంచి దిగిపోవాల్సి వస్తుందని భయపడింది. నాకది చాలా స్పష్టంగా తెలిసింది, అందుకే ఇంటికి రాగానే నా బోర్డులన్నీ బయటికి లాగాను.

ఆపరేషనుకి ముందు కొద్ది రోజులు దొరికాయి. నీ మాటలన్నీ రికార్డు చేద్దాం, ఒక పెట్టెలో పెడదాం, మీట నొక్కితే నీ గొంతుతోనే పలుకుతుంది అన్నాను. ఆవిడ నమ్మలేదు గానీ కాదనలేదు. పడకగదిలో మధ్యాహ్నం పూట తలుపులు మూసి, ఫ్యాను ఆపి కూర్చునేవాళ్లం. గోడలకి మాట తగిలి తిరిగి రాకుండా కొట్లోంచి తానులు తెప్పించి చుట్టూ వేలాడదీశాను. కొత్త తానులు మడత చెడిపోతాయని ఆవిడ గోల. చెమటలు కారుతుండగా ఒక్కో మాటే చెప్పింది. ఉందండి. లేదండి. రండమ్మా. ఎన్ని మీటర్లండి. తగ్గదండి. రంగు పోదండి. తర్వాత రంగులు. నెమలికంఠం, కనకాంబరం, ఉల్లిపొర, గంధం, మామిడి చిగురు, వంకాయ రంగు, రాణీ రంగు. కాగితం చూడకుండా, కొట్లో బీరువా వరస ప్రకారం చెప్పుకుంటూ పోయింది. చివర్లో బేరాలప్పుడు అనే మాటలు కూడా ఏవో అంది. నేను స్క్రీను మీద గీతలు ఎగిరిపడటం చూస్తూ, ఎక్కడైనా బయట ఆటో శబ్దం పడిందేమోనని వెతుకుతూ కూర్చున్నాను.

ఆపరేషను బాగానే జరిగింది. మెడ మీద రంధ్రం, దానిమీద పల్చటి గుడ్డ. రేడియేషను కరెంటు పెట్టించుకుని, కొంతకాలం గొట్టంలో పాలు తాగి, మెల్లగా కోలుకుంది. మెడకి ఆనించి మాట్లాడే యంత్రం ఒకటి ఆసుపత్రిలో చూపించారు. ఆవిడ ఒకసారి ప్రయత్నించి, తనలోంచి వచ్చిన ఆ గరగర విని పక్కన పెట్టేసింది. గాలి మింగి మాట్లాడటం నేర్పుతామన్నారు, దానికి చాలాకాలం పడుతుందట.

మొగల్తూరు నుంచి వాళ్ల అక్కగారు వచ్చి మా ఇంట్లో ఉన్నారు. నాకు వదిన. ఆవిడ ప్రేమకి వంక పెట్టలేం గానీ, చెల్లెలి తరఫున అన్నిటికీ ఆవిడే జవాబు చెప్పేసేవారు. "దానికి ఉప్మా వద్దు మరిదిగారూ." "అది ఇప్పుడు పడుకుంటుందిలెండి." పలకరించడానికి వచ్చినవాళ్లు చోద్యంగా మా ఆవిడకి చెవుడు కూడా వచ్చినట్టు గట్టిగా అరిచేవాళ్లు, లేదా ఎదురుగా ఉన్న మనిషిని వదిలేసి వదినని అడిగేవాళ్లు. "ఎలా ఉందండీ? తింటోందా?" మా ఆవిడ ఒకరి నోటి వైపు, ఇంకొకరి నోటి వైపు చూసేది. కొట్టు అమ్మాయి మీద వదిలేశాం. మా ఆవిడ అటువైపు ఒక్కరోజు కూడా వెళ్లలేదు.

నేను పెట్టె తయారు చేశాను. లోపల బోర్డు, చిన్న స్పీకరు, పైన మీటలు. ఏ మీట ఏ రంగుదో తెలియడానికి మా ఆవిడే ఆయా రంగుల గుడ్డ ముక్కలు కత్తిరించి అతికించింది. అవి అతికిస్తున్నప్పుడు ఆవిడ మొహంలో చాన్నాళ్ల తర్వాత కాస్త వెలుగు చూశాను. ఉందండికి పసుపు ముక్క, లేదండికి తెల్ల ముక్క. పసుపు మీట నొక్కింది.

"దండి" అంది పెట్టె.

తెల్ల మీట నొక్కింది. "దండి."

నెమలికంఠం నొక్కితే మలికంఠం. కనకాంబరం నొక్కితే నకాంబరం. "అదేంటి మరిదిగారూ, మొదటక్షరం మింగేస్తోంది?" అన్నారు వదిన.

రికార్డింగులోనే పోయిందేమో అనుకున్నాను. పోతే ఇంకెక్కడ దొరుకుతుంది? మళ్లీ చెప్పవే అని అడగడానికి ఆ గొంతు ఈ లోకంలో లేదు. వెంటనే అవే ఫైళ్లు లాప్‌టాపులో వేసి విన్నాను. "ఉందండి." నిండుగా, ఉకారంతో సహా ఉంది. "లేదండి." అదీ ఉంది. తప్పు ఆవిడ మాటలో లేదు, పెట్టెలో ఉంది.

సంగతేమిటంటే, ఆ చిప్ పనిలేనప్పుడు నిద్రపోతుంది. పలకాల్సిన మాట రాగానే డ్రైవరు దాన్ని లేపుతుంది. అది లేచి, స్పీకరులో టప్ మనకుండా సర్దుకుని నోరు తెరిచేలోగా మాట మొదలైపోతుంది. పాట వినేవాడికి ఆ కాస్త తేడా తెలియదు, ఎందుకంటే పాట మొదట్లో పోయినా బోలెడంత మిగిలి ఉంటుంది. మాది ఒక్క మాట. అందులో పోయేది మొదటి అక్షరం. మిగతాదంతా మర్యాద. మా వైపు ఉందన్నా లేదన్నా చివర అండి తగిలించకుండా అనం కదా, పెట్టె ఆ అండిని మాత్రం జాగ్రత్తగా పలికి, అసలు సంగతి దిగమింగేసేది.

నాకు తోచిన సులువైన ఉపాయం చేశాను. ప్రతి మాటకి ముందు కాస్త నిశ్శబ్దం అతికించాను. చిప్ నిద్ర లేస్తూ ఆ నిశ్శబ్దాన్ని మింగుతుంది, మాట మిగులుతుంది. ఇంట్లో చూస్తే బాగానే పలికింది. ఉందండి, లేదండి, నెమలికంఠం, అన్నీ పలికాయి. మా ఆవిడ ఆ రోజు జడ వేసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, మెడ చుట్టూ చీర రంగుకి సరిపోయే గుడ్డ కట్టుకుంది. కాలేజీకి సెలవు పెట్టి నేనూ వెంట వెళ్లాను. ఆవిడ స్టూలు మీద కూర్చుని, చేత్తో బల్ల ఒకసారి తుడిచింది.

కాసేపటికి ఎప్పటినుంచో వచ్చే పెద్దావిడ ఒకామె చీర తీసి బల్ల మీద పరిచారు. "ఇన్నాళ్లూ కనబడలేదేంటమ్మా?" అని అడిగి, మెడ చూసి, ఇక అడగకుండా, "దీనికి ఉల్లిపొర రంగు లైనింగు ఉందాండి?" అన్నారు.

మా ఆవిడ అంచు తడిమి మీట నొక్కింది.

"దండి" అంది పెట్టె.

"ఏంటండీ?"

ఆవిడ మళ్లీ నొక్కింది. ఈసారి కంగారులో వేలు సగమే ఆనినట్టుంది, ఏమీ రాలేదు. ఆగి మళ్లీ నొక్కింది. "దండి."

"దండేంటమ్మా? దండిగా ఉందంటావా?" అని పెద్దావిడ తన మాటకి తనే నవ్వారు. అందులో ఎకసెక్కం ఏమీ లేదు. పక్కనున్న ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. మా ఆవిడా నవ్వింది. నవ్వుతూనే స్టూలు దిగి, కొంగు మెడ మీదికి లాక్కుని, మెట్లు దిగి ఇంటి వైపు వెళ్లిపోయింది. వెనక నుంచి అమ్మాయి చెబుతోంది, "ఉల్లిపొర లేదండీ, అయిపోయింది." మా ఆవిడ చెప్పింది కూడా అదే. ఎవరికీ వినబడలేదు.

కారణం నాకు తర్వాత తెలిసింది. ఇంట్లో వెంటవెంటనే నొక్కి చూశాం కాబట్టి చిప్ సగం నిద్రలోనే ఉండేది. కొట్లో పెట్టె చాలాసేపు ఊరికే ఉంది, అది గాఢనిద్రలోకి జారింది. లేవడానికి మరింత సేపు పట్టింది, ఒకటి రెండుసార్లు నొక్కినా పూర్తిగా తేరుకోలేదు. పోనీ నిశ్శబ్దం ఇంకా పొడుగ్గా పెడదామంటే, జవాబు వచ్చేలోగా అడిగినావిడ పక్క కొట్టు వైపు తిరుగుతుంది. అతుకులు వేస్తే పనికిరాదు, డ్రైవరునే బాగుచేయాలి.

ఇంటికి వెళ్లేసరికి ఆవిడ ఫోనులో రాసి ఉంచింది. "ఉందో లేదో చెప్పలేనిదాన్ని అక్కడెందుకు కూర్చోబెడతారు? వచ్చినవాళ్లు నవ్వుకోడానికా? ఇంక నన్ను ఆ కొట్టుకి రమ్మనకండి." చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది. పెట్టెని వదిన అటక మీద పెట్టేశారు.

పొద్దున్నే కాలేజీకి వెళ్లేలోగా దొరికే టైములో ఆ డ్రైవరు చదవడం మొదలుపెట్టాను. నేను రాసింది కాదు, ఏ దేశంలోనో ఎవరో రాసింది. చదివేకొద్దీ తలప్రాణం తోకకొచ్చింది. అందులో మొదట మాటని వదిలిపెడుతున్నారు, ఆ తర్వాత చిప్‌ని లేపుతున్నారు. నిద్రపోతున్నవాడి చెవిలో కబురంతా చెప్పేసి, ఆనక భుజం తట్టి లేపినట్టు. నేను వరస మార్చాను. ముందు లేపాలి, లేచానని చిప్ తన గుర్తు చూపించేదాకా ఆగాలి, అప్పుడు మాట వదలాలి.

మార్చాక ఎవరైనా పరీక్షించి చూడాలి. నేను నొక్కితే బాగానే పలుకుతోంది. వదినకి చెప్పి అటక మీంచి పెట్టె దింపించాను. మా ఆవిడ చూడనట్టే ఊరుకుంది. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి పెట్టె వంటింటి గట్టు మీద ఉంది. ఆవిడ దాన్ని కొత్తగా వచ్చిన తానుని పరీక్షించినట్టు పరీక్షిస్తోంది. రంగు పోతుందో లేదో చూడటానికి ఆవిడ గుడ్డ మూల తడిపి, తెల్ల రుమాలుకేసి రుద్ది, ఆరాక మళ్లీ రుద్దుతుంది. పెట్టెని కూడా అలాగే వదిలేసి, అన్నం వార్చి, బట్టలు మడతపెట్టి, హఠాత్తుగా వచ్చి నొక్కేది. అలా నొక్కితే ఒక్కోసారి మళ్లీ "దండి" వచ్చింది. నన్ను పిలిచి చూపించింది.

దీని దుంపతెగ, ఆ చిప్ లేవకముందే లేచానని గుర్తు చూపిస్తోంది! మా హాస్టలు పిల్లల్లాగే, దుప్పటి తీయకుండా "లేచాను సార్" అంటోంది. దాని మాట నమ్మకుండా కాస్త ఆగి మళ్లీ అడిగేలా రాశాను. అప్పుడు కుదిరింది. ఆవిడ ఎన్ని విధాలుగా నొక్కినా, ఎంతసేపు వదిలేసి నొక్కినా, ఉందండి ఉందండి లాగే వచ్చింది, లేదండి లేదండి లాగే వచ్చింది. పెట్టె దగ్గర తల వంచి, కనుబొమలు ముడిచి వినేది. ఆ మొదటి అక్షరం పడిందా లేదా అన్నదొక్కటే వింటోందని నాకు తెలుసు, నేను వింటున్నదీ అదే.

అది మా పెట్టెలో పెట్టుకుని ఊరుకోవచ్చు. కానీ బోర్డుకి ఏ కొత్త వెర్షను వచ్చినా నా మార్పు కొట్టుకుపోతుంది, మళ్లీ దండి మొదలవుతుంది. ఆవిడ కొట్లో ఉండగా ఒకరోజు అలా జరిగితే ఆవిడ ఇంక ఈ జన్మలో ఆ మెట్లెక్కదు. అందుకని నా మార్పుని అందరి డ్రైవరులో కలపమని, దాన్ని చూసుకునే ఆయనకి పంపాను. ఆయనెవరో, ఏ దేశమో నాకు తెలియదు. ముక్తసరిగా జవాబిచ్చారు. దీనివల్ల ప్రతి పాటా కాస్త ఆలస్యంగా మొదలవుతుంది, ఇన్నేళ్లలో ఎవరూ ఫిర్యాదు చేయలేదు, మీ ఫైలు ముందు నిశ్శబ్దం పెట్టుకోవచ్చు కదా, దీనివల్ల నిజంగా చెడిపోయేది ఏమిటి అని.

నాకు నషాళానికి అంటింది. చెడిపోయేది ఏమిటా? కూర్చుని ఇంగ్లీషులో కడిగిపారేస్తూ రాశాను. మీకు పాటలు కావాలి, మాకు బతుకు కావాలి, ఇలాంటివన్నీ. మా ఆవిడ నా భుజం మీంచి చదివింది. తనకి ఇంగ్లీషు అంతగా రాదు గానీ నా వాలకం అర్థమైంది. ఏం రాశానో తెలుగులో చెప్పమని సైగ చేసింది. చెప్పాను. ఫోను తీసి రాసింది.

"ఇదంతా కొట్టేయండి. బాలేదు బాలేదు అంటూ నిలబడ్డావిడ కొంటుందండి. నచ్చనావిడ మాట్లాడకుండా వెళ్లిపోతుంది. ఆయన అడుగుతున్నాడంటే నిలబడ్డాడనే. మన కొట్లో ఏం జరిగిందో అది చెప్పండి చాలు."

"ఆ పెద్దావిడ నవ్విందని కూడా రాయనా?"

మెడ మీది గుడ్డ సర్దుకుంది. తర్వాత రాసింది, "రాయండి."

రాశాను. నా భార్యకి ఆపరేషనులో గొంతు పోయిందనీ, ఆవిడ కొట్లో ఈ పెట్టెతో మాట్లాడుతుందనీ రాశాను. మా భాషలో ఉంది అనడానికీ లేదు అనడానికీ మర్యాదగా మాట్లాడితే మొదటి అక్షరమే తేడా, తర్వాతదంతా ఒకటేననీ, ఈ డ్రైవరు సరిగ్గా ఆ తేడానే మింగుతోందనీ రాశాను. ఆ రెండు మాటలూ ఇంగ్లీషు అక్షరాల్లో పక్కపక్కన పెట్టాను. మొదటి అక్షరం తీసేసి కింద మళ్లీ రాశాను. కింద వరసలో రెండూ ఒకటే.

ఆయన జవాబు ఈసారి కూడా పొట్టిగానే ఉంది. ఇది మీరు మొదటే రాయాల్సింది, ఇంతకన్నా మంచి కారణం అక్కర్లేదు, ఆ రెండు మాటల్ని మార్పు వివరణలోనే ఉంచండి అన్నారు. తర్వాత నేను రాసిన వాటిలో తప్పులు పట్టుకున్నారు. ఒకటి దిద్దితే ఇంకొకటి చూపించారు. ఆగడం మరీ ఎక్కువైందన్నారు, తగ్గించాను. మా ఆవిడ మళ్లీ వంటింటి గట్టు మీద పెట్టి నొక్కింది. చివరికి, దీన్ని అసలు పెట్టె మీద పరీక్షించింది ఎవరు, ఆ పేరు కూడా రాయండి అన్నారు. అది అక్కడి పద్ధతి.

నేను నా పేరే పెట్టబోయాను. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "పరీక్షించింది నేను కదా?" అని ఫోను నా మొహం ముందు పెట్టింది. నిజమే కదా అని ఆవిడ పేరు, ఇంటిపేరుతో సహా టైపు చేశాను. స్పెల్లింగు సరిచూసి తల ఊపింది. కొన్నాళ్లకి మార్పు కలిసిపోయింది. ఆ బోర్డు వాడే ఎవరి దగ్గరికైనా ఇప్పుడు ఆ డ్రైవరు వెళుతుంది, దానితో పాటు ఆవిడ పేరూ వెళుతుంది.

ఆ కబురు వచ్చాక కొట్టుకి రమ్మని నేను అడగలేదు. అడగొద్దంది కదా. ఒక శుక్రవారం పొద్దున తనే పెట్టెని సంచిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. వదిన దారి అడ్డం వెళ్లి, "ఎందుకే, ఎవరైనా ఏమైనా అంటే తట్టుకోగలవా?" అన్నారు. మా ఆవిడ సంచిలో చెయ్యి పెట్టి మీట నొక్కింది. "రండమ్మా" అంది సంచి. వదిన కళ్లు తుడుచుకుంటూ దారి వదిలారు.

నేను మధ్యాహ్నం కాలేజీ నుంచి తిన్నగా కొట్టుకి వెళ్లాను. ఆవిడ స్టూలు మీదే ఉంది. పొద్దుటి నుంచి బాగానే జరిగిందని అమ్మాయి చెప్పింది. కొందరు పెట్టె వంక వింతగా చూశారట, ఒకామె పెట్టెకి వంగి మరీ రంగు అడిగిందట. ఎవరికీ ఒకే మాట రెండుసార్లు చెప్పాల్సి రాలేదట. నేను గడప మీద కూలబడి మంచినీళ్లు అడిగాను.

అది బేరాలు లేని వేళ. అమ్మాయి భోజనానికి వెళ్లింది. మా ఆవిడ తీరిగ్గా పెట్టె దగ్గరికి లాక్కుని, ఎప్పుడూ నొక్కని ఒక మీట నొక్కింది. అది రికార్డు చేసినట్టే నాకు గుర్తులేదు. "ఉతికి చూడండమ్మా. రంగు పోతే తెచ్చి నా మొహాన కొట్టండి!" అంది ఆవిడ గొంతు, కొట్టంతా నిండేలా. చివర్లో నవ్వు కూడా ఉంది, ఆపుకున్నా ఆగని నవ్వు. ఆవిడ కదలకుండా వింది. మళ్లీ నొక్కింది. మూడోసారి కళ్లు మూసుకుని వింది. తర్వాత ఫోను తీసి రాసి, నా చేతికిచ్చింది.

"ఇంత బాగుండేదాండీ నా గొంతు?"

నేను తల ఎత్తేలోగా ఫోను లాక్కుని, కింద ఇంకో ముక్క రాసి ఇచ్చింది.

"ఒక్కసారి కూడా అనలేదేం?"

ఇన్ని నెలలు ఆ గొంతుని స్క్రీను మీద గీతలుగా చూశాను. ఉకారం ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ తెగుతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. దానికోసం ముక్కూ మొహం తెలియని మనిషితో దెబ్బలాడాను. అది విని బాగుందని ఈ మనిషితో అనలేదు, అది ఉన్నప్పుడూ అనలేదు, పోయాకా అనలేదు.

"బాగుండేది" అన్నాను. "చాలా బాగుండేదే." అంటూనే ఏడ్చేశాను.

ఆవిడ కొంగుతో నా మొహం తుడిచింది. ఫోను తీసుకుని రాసింది. "ఇప్పుడు చెప్పక్కర్లేదులెండి. నేనే విన్నాను."

ఎవరో చీర సంచి పట్టుకుని మెట్లెక్కుతున్నారు. ఆవిడ ఫోను పక్కన పెట్టి అటు తిరిగింది.